‘టెన్షన్ పడకు’ అనే ముందు ఒక్క ప్రశ్న అడగండి

సంపాదకులకు నమస్కారం.

రొమ్ము క్యాన్సర్ గురించి ఏటా అక్టోబరులో పత్రికల్లో వ్యాసాలు వస్తాయి. గడ్డను ఎలా గుర్తించాలో, మామోగ్రామ్ ఎందుకు తీయించుకోవాలో వివరంగా చెబుతారు. అవి చాలా అవసరం. అయితే చికిత్స సంగతికి వచ్చేసరికి దాదాపు ప్రతి వ్యాసమూ ఒకే మాటతో ముగుస్తుంది. మనోధైర్యమే సగం మందు, ఒత్తిడికి లోనుకాకండి అని. ఆ మాట చదివిన ప్రతిసారీ నాకు బాధగా ఉంటుంది. నేను ఆ చికిత్స తీసుకున్న మనిషిని. కీమో, ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. ఇప్పుడు రోజూ టామోక్సిఫెన్ అనే హార్మోన్ చికిత్స మాత్ర వేసుకుంటున్నాను. టెన్షన్ పడొద్దని నాకు చెప్పినవాళ్లు ఎంతమందో లెక్కే లేదు. ఎంత టెన్షన్‌గా ఉందని అడిగింది మాత్రం ఒకే ఒక్కరు.

మొదటి కీమో రోజు సంగతి చెబుతాను. ఎర్రటి మందు ఒకటి సిరంజితో నెమ్మదిగా ఎక్కించారు. సాయంత్రం ఇంటికొచ్చి బాత్రూంలో చూసుకుంటే మూత్రం ఎర్రగా ఉంది. రక్తం పోతోందనుకున్నాను. కాళ్లు వణికి గోడకు ఆనుకుని అక్కడే కూర్చుండిపోయాను. బయట మా వదిన తలుపు కొడుతూనే ఉంది, నాకు గొంతు పెగల్లేదు. చివరికి తనే ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ‘ఆ మందు రంగే అంతమ్మా, ఒకట్రెండు రోజుల్లో మామూలైపోతుంది’ అన్నారు. నిజమే, డాక్సోరూబిసిన్ అనే ఆ మందు రంగే అలా దిగుతుంది. ఆ ఒక్క ముక్క పొద్దున సూది వేసేటప్పుడే చెప్పి ఉంటే నాకు ఆ సాయంత్రం ఉండేది కాదు. ఒత్తిడి అనగానే మన బుర్రలోని ఆలోచనల మీదకే నెట్టేస్తాం. నాకు ఎదురైన ఒత్తిడిలో చాలా భాగం ఎవరూ ఏమీ చెప్పకపోవడం వల్ల వచ్చింది.

రాత్రుళ్లు ఇంకో రకం. వాంతులు రాకుండా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. అది నిద్ర పట్టనివ్వదు, గుండె దడదడలాడిస్తుంది, చిన్నదానికే చిరాకు తెప్పిస్తుంది. ఆపేశాక రెండు మూడు రోజులు మనిషి కుప్పకూలిపోయినట్టు ఉంటుంది. ఇది మందు చేసే పని అని నాకు తెలియదు. రాత్రి రెండింటికి లేచి కూర్చుని, నా మనసు ఇంత బలహీనమైనదా, అందరూ ధైర్యంగా ఉండమంటే ఉండలేకపోతున్నానే అని నన్ను నేను తిట్టుకున్నాను. ఏడిస్తే మందు పనిచేయదేమోనన్న భయంతో ఏడుపు కూడా దిగమింగుకున్నాను.

మూడో సైకిల్‌కు, అంటే మూడో విడత కీమోకు వెళ్లినప్పుడు కొత్తగా వచ్చిన ఒక సిస్టర్ బరువు, బీపీ, జ్వరం చూసి కేస్ షీట్‌లో రాసుకున్నాక ఒక కాగితం తీసింది. దాని మీద థర్మామీటర్ బొమ్మ, కింద 0, పైన 10. ‘ఈ వారమంతా మనసుకు ఎంత కష్టంగా ఉందో ఒక అంకె మీద వేలు పెట్టండి’ అంది. నేను 8 మీద పెట్టాను. పెట్టిన క్షణం వరకూ అది అంత పెద్ద అంకె అని నాకే తెలియదు. పక్కనే ఒక పట్టిక ఉంది. నిద్ర, నొప్పి, డబ్బు, పిల్లలు, ఉద్యోగం, శరీరం గురించిన దిగులు ఇలా. నేను నిద్ర దగ్గర టిక్కు పెట్టాను. ఆమె లోపలికెళ్లి డాక్టరుగారితో మాట్లాడి వచ్చి, స్టెరాయిడ్ మాత్ర సాయంత్రం కాకుండా పొద్దున్నే వేసుకోమన్నారని చెప్పింది. ఆ సైకిల్‌లో నాలుగైదు గంటలు నిద్రపోయాను. అదేమీ ఆమె సొంతంగా కనిపెట్టినది కాదు, ‘డిస్ట్రెస్ థర్మామీటర్’ అని ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్నదే. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో 1977లో మనోవైద్య విభాగాన్ని మొదలుపెట్టిన డాక్టర్ జిమ్మీ హాలండ్ లాంటివాళ్లు క్యాన్సర్ రోగి మనసు గురించి అడగడం కూడా వైద్యంలో భాగమేనని పట్టుబట్టారు. పిచ్చి, కుంగుబాటు లాంటి మాటలు వింటే రోగులు నోరు విప్పరని, ఎవరైనా సిగ్గుపడకుండా ఒప్పుకోగలిగే ‘డిస్ట్రెస్’ (మనోవేదన) అనే మామూలు మాటను ఎంచుకున్నారు. 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే కూర్చోబెట్టి వివరంగా మాట్లాడాలని అమెరికాలోని జాతీయ సమగ్ర క్యాన్సర్ నెట్‌వర్క్ మార్గదర్శకాలు చెబుతాయి. మొత్తం కలిపి రెండు నిమిషాల పని. యంత్రం అక్కర్లేదు, ఒక కాగితం చాలు.

2022లో ప్రపంచమంతటా 23 లక్షల మంది మహిళలకు రొమ్ము క్యాన్సర్ బయటపడిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇంతమందిలో ఎందరిని ఈ ప్రశ్న అడుగుతున్నారు?

‘నీకు అంత టెన్షన్ ఏముందమ్మా, ఇది ఎందుకొచ్చింది?’ అని కూడా నన్ను చాలామంది అడిగారు. జాలితోనే అడిగారు. కానీ ఆ ప్రశ్నలో నేరం ఉంది. ఒత్తిడి వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందని పరిశోధనల్లో నిలకడగా తేలలేదు. ధైర్యవంతులు ఎక్కువకాలం బతుకుతారు, దిగులుపడేవాళ్లు తొందరగా పోతారు అనే మాటకూ గట్టి ఆధారం దొరకలేదని, అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ పరిశీలించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. ఇంకో ముచ్చట. జబ్బు శరీరంలో ఇతర భాగాలకు పాకిన మహిళలు వారం వారం గ్రూపుగా కూర్చుని మనసు విప్పి మాట్లాడుకుంటే ఆయుష్షు పెరిగినట్టు 1989లో డేవిడ్ స్పీగెల్ బృందం ప్రకటించింది. ఎంతోమంది ఆశపడ్డారు. వేరే పరిశోధకులు 235 మందితో మళ్లీ చేసి 2001లో ఫలితాలు చెప్పినప్పుడు ఆయుష్షులో తేడా కనిపించలేదు. అయితే గ్రూపులో కూర్చున్నవాళ్లకు మనోవేదన తగ్గింది, నొప్పి బాధ కూడా తగ్గింది. నాకు ఈ రెండో పరిశోధన ఫలితమే ఎక్కువ ఊరట. దాని అర్థం, నేను ఏడ్చిన రోజున నా మందు పనిచేయడం మానేయలేదని. మనసుకు చికిత్స చేయడానికి మనసు బాధపడుతోందన్న కారణం ఒక్కటే చాలు. ఇంకేదో లాభం చూపించాల్సిన పని లేదు.

నాకు ఏవి ఉపయోగపడ్డాయో కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తాయి. నాలుగో సైకిల్ నాటికి ఆసుపత్రి ముందు మలుపు తిరగగానే కడుపులో తిప్పేది, ఇంకా సూది కూడా గుచ్చకముందే. స్పిరిట్ వాసనకే వాంతి వచ్చేది. ఆ చోటునూ ఆ వాసననూ వాంతులతో ముడివేసుకోవడం మన మెదడుకు అలవాటైపోతుందట. అదే సిస్టర్ కండరాలు బిగించి వదిలే పద్ధతి నేర్పింది. పాదాల దగ్గర మొదలుపెట్టి పిక్కలు, తొడలు, పొట్ట, పిడికిళ్లు, దవడ, ఒక్కొక్కటే కొన్ని సెకన్లు బిగబట్టి ఒక్కసారిగా వదిలేయాలి, ఊపిరి నెమ్మదిగా వదలాలి. ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే అమెరికా వైద్యుడు దాదాపు వందేళ్ల కిందట రూపొందించిన పద్ధతి ఇది. వెయిటింగ్ హాల్లో కుర్చీలో కూర్చునే చేసేదాన్ని. ఆపరేషన్ తర్వాత ఆ వైపు చెయ్యి, భుజం మాత్రం వదిలేసేదాన్ని. తిప్పడం పూర్తిగా పోలేదు, కానీ లోపలికి నడిచి వెళ్లగలిగాను. ధ్యానం, యోగా, రిలాక్సేషన్, సంగీతం చికిత్స సమయంలో ఆందోళన తగ్గించడానికి సాయపడతాయని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2023 మార్గదర్శకాల్లోనూ ఉంది. వారానికి 3 రోజులు, రోజుకు అరగంట చొప్పున ఓ మోస్తరు నడక లాంటి వ్యాయామం అలసటనూ దిగులునూ తగ్గిస్తుందని 2019లో అంతర్జాతీయ నిపుణులు చెప్పారు. నాకు అరగంట ఎప్పుడూ కుదరలేదు, పది నిమిషాలు నడిచిన రోజు కూడా తేడా తెలిసేది.

జ్వరం 100.4 దాటితే పగలైనా రాత్రైనా వెంటనే రావాలి అని ఒక కచ్చితమైన అంకె చెప్పడం కూడా నాకు మందులా పనిచేసింది. అంతవరకూ వెచ్చగా అనిపించిన ప్రతిసారీ వణికిపోయేదాన్ని. మా వదిన ఇంకో మేలు చేసింది. నా ఫోన్ తన దగ్గర పెట్టుకుని పరామర్శలన్నింటికీ తనే జవాబిచ్చింది. ఒకే కథ ఇరవైసార్లు చెప్పే బాధ తప్పింది. ఇలాంటి సాయం కావాలని రోగులు నోటితో అడగలేరు, ఇంట్లోవాళ్లే అందుకోవాలి.

కొందరికి ఇవేవీ చాలవు, మాత్రలు కావాలి. అందులో సిగ్గుపడాల్సింది లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. టామోక్సిఫెన్ వేసుకుంటున్నట్టు మానసిక వైద్యుడికి ముందే చెప్పాలి. పారోక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటి కుంగుబాటు మందులు శరీరంలో టామోక్సిఫెన్ పనిచేసే తీరుకు అడ్డం పడతాయి. వేరే మందులు ఉన్నాయి. వాడుతున్న మాత్ర మాత్రం ఎవరికివారు ఆపేయకూడదు.

రేడియేషన్ చివరి రోజున అందరూ అభినందించారు. అసలు భయం ఆ మర్నాడు మొదలైంది. రోజూ చూసే డాక్టరు లేరు, సిస్టర్ లేదు, వీపు నొప్పి వస్తే ఎవరిని అడగాలో తెలియదు. ఆర్నెల్లకోసారి పరీక్షకు వెళ్లే ముందు వారం ఇప్పటికీ నిద్ర ఉండదు. కాబట్టి ఆ 0 నుంచి 10 ప్రశ్న చికిత్స అయిపోయాక కూడా అడగాలి. బీపీ చూసిన ప్రతిసారీ అడగాలి, కేస్ షీట్‌లో రాయాలి. అంకె పెద్దదైతే పంపడానికి ఒక కౌన్సెలర్ ఉండాలి. ఆసుపత్రుల యాజమాన్యాలకూ ప్రభుత్వాలకూ నా విన్నపం ఇదే.

మీకు ఇంకొకటి. ‘సంకల్పబలంతో క్యాన్సర్‌ను జయించిన మహిళ’ అనే శీర్షిక దయచేసి పెట్టకండి. కీమో గదిలో నా పక్క కుర్చీలో ఒకావిడ కూర్చునేది. నా చెయ్యి పట్టుకుని ‘ఇంకో రెండే సైకిళ్లు’ అనేది, తన నొప్పి సంగతి ఎప్పుడూ ఎత్తేది కాదు. నేను బతికాను, ఆవిడ లేదు. ఆవిడ పిల్లలు కూడా మీ పత్రిక చదువుతూ ఉండవచ్చు.

వచ్చే అక్టోబరు వ్యాసంలో ఆ శీర్షిక బదులు 0 నుంచి 10 వరకు గీసిన థర్మామీటర్ బొమ్మ ఒకటి అచ్చు వేయండి. కత్తిరించి పర్సులో పెట్టుకుని, ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు బల్ల మీద పెట్టడానికి వీలుగా ఉంటే చాలు.

ఇట్లు,
మీ పాఠకురాలు