లడ్లో యాత్రపై ఫిర్యాదు: సంత లేని రోజున సంత పట్టణం

విహారయాత్రల విభాగం మేనేజరు గారికి,

విషయం: లడ్లో యాత్రలో లోపాలు, తెలుగు కరపుస్తకంలో చరిత్ర దోషాలు, రుసుము వాపసు గురించి.

అయ్యా,

కడప నుంచి వచ్చిన మా అమ్మానాన్నలకు ఇంగ్లండులోని ఒక పాత సంత పట్టణాన్ని చూపించాలని, ష్రాప్‌షైర్‌లోని లడ్లోకు మీ సంస్థ నడిపే ఒకరోజు యాత్రకు టికెట్లు కొన్నాను. పట్టణంలోని సంతను చూపిస్తామని, కోట ప్రవేశ రుసుము టికెట్టులోనే కలిసి ఉందని, చరిత్ర వివరాలతో తెలుగులో కరపుస్తకం ఇస్తామని మీ ప్రకటనలో ఉంది.

లడ్లోలో కోట ఎదుటి చౌకులో సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో సంత జరుగుతుంది. మీరు మమ్మల్ని తీసుకెళ్లింది మంగళవారం. ఆ ఊరి గురించి కొద్దిపాటి వాకబు చేసినవారికైనా తెలిసే ఈ సంగతి యాత్రలు నడిపే సంస్థకు తెలియకపోవడం నాకు నమ్మశక్యంగా లేదు. కోట టికెట్లు కూడా గేటు దగ్గర మేమే కొనుక్కోవలసి వచ్చింది. 11వ శతాబ్దం చివరలో డి లేసీ వంశీయులు కట్టడం మొదలుపెట్టిన ఆ కోటలో, ఇంగ్లండులో అరుదుగా కనిపించే గుండ్రని ప్రార్థనామందిరం దాకా మేము నడిచి చేరేలోపే బస్సు బయలుదేరుతోందని పిలుపు వచ్చింది. 1619 నాటి చెక్కడాల కొయ్యపనితో పేరుపొందిన ఫెదర్స్ హోటలును బస్సు కిటికీలోంచే చూశాము.

నా ప్రధానమైన అభ్యంతరం కరపుస్తకం మీద. ఇంగ్లీషు చదవలేని మా అమ్మకు ఆ రోజు అదే ఆధారం. అందులో లడ్లో కోటలో మరణించినది కత్తినీ గుండ్రబల్లనూ గురించిన కథల్లోని ఆర్థర్ రాజు అని అచ్చువేశారు. అక్కడ 1502 ఏప్రిల్ 2న కన్నుమూసినది ఇంగ్లండు రాజు ఏడవ హెన్రీ పెద్దకొడుకు ఆర్థర్ యువరాజు. అప్పటికి అతనికి 15 ఏళ్లు, ఆరగాన్ రాకుమారి కేథరిన్‌తో పెళ్లయి ఆరు నెలలైనా కాలేదు. వితంతువైన ఆమెను తరువాత అతని తమ్ముడు ఎనిమిదవ హెన్రీ పెళ్లాడడం, ఆ పెళ్లిని రద్దు చేయించుకోబోయి రోము చర్చితో తెగతెంపులు చేసుకోవడం ఇంగ్లండు చరిత్రను మలుపు తిప్పిన సంగతులు. వాటన్నింటికీ మూలమైన మరణాన్ని మీరు కట్టుకథగా మార్చేశారు.

తెలుగువారి కోసమే వేసిన పుస్తకంలో మాకు సంబంధించిన ఒక్క సంగతీ లేకపోవడం మరొక వింత. 1811లో ఈ కోటను రాచరికం నుంచి కొన్న, పోవిస్ ఎర్ల్ అనే బిరుదుగల ప్రభువు మరెవరో కాదు, రాబర్ట్ క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ క్లైవ్. 1800లో నిజాం మా కడపతో సహా దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించినప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్నది ఆయనే. ఆ గోడల ముందు నిలబడిన మా నాన్నకు ఈ విషయం నేను చెప్పవలసి వచ్చింది.

కాబట్టి మేము విడిగా చెల్లించిన కోట ప్రవేశ రుసుమును పూర్తిగా, యాత్ర రుసుములో సగాన్ని వాపసు చేయవలసిందిగా, కరపుస్తకాన్ని సరిదిద్దేవరకు పంపిణీ ఆపవలసిందిగా, ఇకమీదట ఈ యాత్రను సంత రోజుల్లోనే నడపవలసిందిగా కోరుతున్నాను. టికెట్ల, రసీదుల నకళ్లు, కరపుస్తకంలోని ఆ పుట నకలు జతచేశాను. 14 రోజుల్లో లిఖితపూర్వకమైన జవాబు రాకపోతే కార్డు ఇచ్చిన బ్యాంకు ద్వారా డబ్బు రాబట్టుకొనే ప్రయత్నం చేస్తాను.

ఇట్లు,
(సంతకం)