ఆ రాతిని బాగుచేసింది చాలు

నగర సుందరీకరణ పనులు చూస్తున్న అధికారి గారికి, నమస్కారాలతో...

పాత సమాధికి చేస్తున్న మరమ్మతు ఆపమని మూడు సోమవారాలు అర్జీలిచ్చాం. మూడు రసీదులు వచ్చాయి, పని మాత్రం ఆగలేదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాం.

వరంగల్ లింగాయత్ రుద్రభూమిలో నంది ఎదురుగా నల్లరాతి పలకలున్న వర్తకుల సమాధి మీకు తెలుసు. మీ అంచనా కాగితంలో దాని పేరు 'పాత కట్టడం - 1'. ఆ ఒకటిలో మూడు తరాల ఖాతా ఉంది. దుకాణం చిట్టాలు ఎప్పుడో చెదలు తిన్నాయి, మిగిలింది ఈ రాయే.

తూర్పు పలక మీద పెద్దాయన 'ప్రమోదూత కార్తీకంలో లింగైక్యం', అంటే కాలం చేశారు, అని ఉంది. ప్రమోదూత అరవై ఏళ్లకోసారి వస్తుంది. 1870 కూడా అదే, 1930 కూడా అదే. తేల్చేది కింది వరుసలోని ఫసలీ 1340 ఒక్కటే, ఫసలీ అంటే నిజాం కాలపు రెవెన్యూ లెక్క సంవత్సరం. అంటే 1930. వరంగల్‌కు రైలు 1880ల్లో వచ్చింది. ఆ వరుస లేకపోతే ఆయన ఎడ్లబండ్ల మీద సరుకు తోలిన వర్తకుడో, రైలుకు పత్తి ఎత్తినవాడో చెప్పలేం. మీ మేస్త్రీ సరిగ్గా ఆ వరుస మీదే సిమెంటు మెత్తాడు!

దక్షిణం పలక మీద సమాధి ఖర్చు హాలీ సిక్కా (నిజాం నాణెం) రూపాయల్లో, తెలుగు అంకెల్లో ఉంది. బంగారు ఎనామిల్‌తో అక్షరాలు దిద్దిన పెయింటర్‌కు ఆ అంకెలు రానట్టుంది, ౩ను ౨ చేశాడు. ఒక్క గీతతో వంద రూపాయలు మిగిల్చాడు, మీ పద్దులో పొదుపు కింద చూపించుకోవచ్చు.

ఇక సిమెంటు సంగతి. సమాధి అరుగు ఇటుక, డంగు సున్నంతో కట్టింది. నేల చెమ్మ సున్నంలోంచి పైకొచ్చి ఆరిపోతుంది. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుంటుంది. చెమ్మతో వచ్చిన ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకను పొడి చేస్తుంది. ఒకట్రెండు వానాకాలాలు గడిస్తే సిమెంటు పెచ్చు ఊడుతుంది, దాంతోపాటు పాత గచ్చు కూడా ఊడుతుంది. అప్పుడు మళ్లీ టెండరు.

చేయాల్సిన వరుస వేరు. సిమెంటును చిన్న ఉలితో, చేతి సుత్తితో అంగుళం అంగుళం విడదీయాలి. కటింగ్ మిషన్ పెట్టొద్దు. ఎనామిల్‌ను రంగు కరిగించే ముద్ద పట్టించి వెదురు పుల్లతో తీయాలి. ఇనుప బ్రష్షు వద్దు, యాసిడ్ అసలే వద్దు, అతుకుల్లో సున్నాన్ని తినేస్తుంది. రాయి శుభ్రపడ్డాక తడి కాగితం పరిచి, కుచ్చు బ్రష్షుతో తట్టి, మసి సిరా అద్ది రాతలున్న పలకలన్నిటికీ అచ్చు తీయాలి. అరిగిన అక్షరాలు పగలు కనపడవు, రాత్రి టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేస్తే లేచి నిలబడతాయి. ఆ తర్వాతే గచ్చు పని: కనీసం పదిహేను రోజులు నానిన సున్నం ఒక పాలు, ఇసుక, ఇటుకపొడి కలిపి మూడు పాళ్లు, కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్లు. పూశాక తడి గోనెసంచులు కప్పి నెమ్మదిగా ఆరనివ్వాలి. ఇటుకల్లో మొలిచిన రావి మొక్కను పీకొద్దు, వేరుతో ఇటుక లేచొస్తుంది. మొదలు కోసి, వేరును అక్కడే చంపాలి. ఇందులో ఖరీదైనది ఏమీ లేదు, ఓపిక తప్ప.

ఉత్తరం పలక నున్నగా చెక్కి ఖాళీగా వదిలేశారు. తర్వాతి తరం కోసం ఉంచిన చోటు అది. ఆ తరం ఇక్కడ లేదు, దుకాణం లేదు, రాతకు ఎవరూ రాలేదు. ఆ కుటుంబం కథలో ఆఖరి వాక్యం ఆ ఖాళీయే అనుకుంటున్నాం. మీవాళ్లకు అది బోర్డు పెట్టడానికి అనువైన జాగాగా కనిపించింది. నాలుగు డ్రిల్లు రంధ్రాలు, నాలుగు బోల్టులు, పథకం పేరు, దాని కింద మీ పేరు!

దయచేసి పని ఆపించండి. అచ్చు తీసేదాకా ఆ పలకలను ఎవరినీ ముట్టుకోనివ్వకండి. సున్నం పని తెలిసిన మేస్త్రీని పెట్టండి. అయ్యా, ముందు ఆ బోర్డు తీయించండి. రంధ్రాల్లో మాత్రం సిమెంటు నింపకండి.

ఇట్లు,
ఆ రాళ్లు చదివే కొందరు, వరంగల్