అంకుల్‌కీ, చిప్‌లు రాసే ప్రోగ్రామర్ మెషీన్ ఇచ్చిన తమ్ముడికీ థ్యాంక్స్

నా 94 హోండా సివిక్ కారు మళ్లీ రోడ్డెక్కింది. ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో దాని మూలుగు విని విసుక్కున్న వాళ్లందరికీ ముందుగా ఈ కబురు.

తెలియని వాళ్ల కోసం సంగతి చెబుతాను. ఈ బండిలో ఉన్నది పీ28 ఇంజిన్ కంప్యూటర్. ప్యాసింజర్ కాళ్ల దగ్గర, పక్క ప్యానెల్ వెనక ఉంటుంది. హోండా రాసిన ప్రోగ్రాం ప్రాసెసర్ లోపలే ఉంటుంది, దాన్ని మార్చడానికి వీల్లేదు. అందుకే పాత ఓనరు బోర్డు మీద సాకెట్ వేయించి, బయటి చిప్ నుంచి చదివేలా చేయించాడు. నేను నా ఇంజిన్‌కి తగ్గ ట్యూన్, అంటే పెట్రోలూ స్పార్కూ ఎప్పుడెంత ఇవ్వాలో చెప్పే ప్రోగ్రాం, రాయించి కొత్త చిప్ తెప్పించాను. అది పెట్టిన దగ్గర్నుంచీ చెక్ ఇంజిన్ లైటు ఆరదు, తప్పెక్కడో చెప్పే కోడూ చూపించదు, బండి పెట్రోలు కంపు కొడుతూ ఈడుస్తుంది. చిప్ పంపిన వాళ్లనడిగితే కంప్యూటర్ పోయింది, ఇంకోటి కొనుక్కోమన్నారు.

అప్పుడు తగిలారు అంకుల్. ఈసీఐఎల్‌లో బోర్డులు రిపేరు చేసి రిటైరయ్యారు, ఆర్నెల్లు కొడుకు దగ్గర ఉందామని హైదరాబాద్ నుంచి వచ్చారు. వాకింగ్‌కి వెళ్తూ బానెట్ ఎత్తి ఉన్న బండి చూసి ఆగారు. హోండాల గురించి తనకేమీ తెలీదని ముందే చెప్పేసి, ఒకటే అడిగారు: "బయటి చిప్ చదవమని ప్రాసెసర్‌కి చెప్పేది ఏది బాబూ?" జే1 అనే చిన్న జంపర్, బోర్డు మీద రెండు చోట్లని కలిపే తీగ ముక్క, అన్నాను. "అయితే దాన్ని లేపు, చూద్దాం." ఒక కొసన సోల్డర్ కరిగించి లేపాం. బండి తన సొంత ప్రోగ్రాంతో బుద్ధిగా నడిచింది! కంప్యూటరూ సెన్సర్లూ వైరింగూ బాగున్నాయని తేలిపోయింది. నాకు కొత్త కంప్యూటర్ ఖర్చు అక్కడే మిగిలింది.

ఇక చిప్. మా క్రికెట్ టీమ్ తమ్ముడు తన ప్రోగ్రామర్ తెచ్చిచ్చాడు, వాడుకున్నన్నాళ్లూ తిరిగి అడగలేదు కూడా. నా చిప్ 27ఎస్‌ఎఫ్512, అంటే 64 కేబీ. హోండా ప్రోగ్రాం 32 కేబీయే. చదివి చూస్తే ప్రోగ్రాం మొదటి సగంలో ఉంది, 8000 అడ్రస్ (హెక్స్ లెక్కలో, అంటే సరిగ్గా సగం) నుంచి చివరిదాకా అన్నీ ఎఫ్ఎఫ్‌లే, అంటే ఖాళీ. ఈ చిప్‌లో ఏ సగం చదవాలో చెప్పేది ఒకటో పిన్ను. ఈ బోర్డులో సాకెట్ ఒకటో పిన్ను ఎప్పుడూ 5 వోల్టుల మీదే ఉంటుంది కాబట్టి కంప్యూటర్‌కి కనిపించేది రెండో సగం మాత్రమే. అద్దెకున్నది కింది వాటాలో, పోస్ట్‌మ్యాన్ తలుపు కొడుతున్నది పై వాటాలో. ట్యూన్ రాసినతను మంచి పనివాడే, చిప్‌లోకి ఎక్కించిన వాళ్లే చూసుకోలేదు. అదే ఫైలు 8000 నుంచి మొదలుపెట్టి మళ్లీ రాసి, జంపర్ కలిపితే లైటు ఆరింది.

అయినా గతుకుల్లో అప్పుడప్పుడూ లైటు వెలిగి బండి నీరసపడేది. దీన్ని పట్టుకోవడం మాత్రం నా వల్ల అయ్యేది కాదు. అంకుల్ ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ప్లాస్టిక్ పెన్ను మూతతో బోర్డు మీద ఒక్కో ఐసీనీ మెల్లగా తడుతూ వెళ్లారు. 74హెచ్‌సీ373 మీద తట్టగానే లైటు వెలిగింది. ఈ బోర్డులో అడ్రస్‌లో కింది ఎనిమిది బిట్లూ, డేటా ఎనిమిది బిట్లూ అవే తీగల మీద వంతులవారీగా నడుస్తాయి. డేటా వచ్చేలోగా అడ్రస్‌ని పట్టి ఉంచేది ఈ ఐసీ. దాని పిన్ను ఒకటి డ్రై సోల్డర్, అంటే సరిగ్గా అతకని టాకా, భూతద్దంలో చూస్తే చుట్టూ సన్నటి వలయం. పిన్ను కదిలితే అడ్రస్ తప్పు, అడ్రస్ తప్పితే చదివిన బైటూ తప్పు. వేడి చేసి కొత్త సోల్డర్ పెట్టారు, ఆ తర్వాత మళ్లీ లైటు వెలగలేదు.

చిప్ క్షణాల్లో చెరిగిపోవడం చూసి ఆయన నవ్వారు. తమ రోజుల్లో కిటికీ ఉన్న చిప్‌లని అల్ట్రావయొలెట్ లైటు కింద ఇరవై నిమిషాలు పెట్టేవాళ్లట. ఆ కిటికీ మీద స్టిక్కర్ వేయకుండా ఎండలో వారం వదిలేస్తే దానంతటదే చెరిగిపోతుందట.

అంకుల్, మీరు డబ్బు మాటెత్తనివ్వలేదు, ఆంటీగారు పైగా పులిహోర పంపారు. మీ ఇద్దరికీ నా నమస్కారాలు. తమ్ముడూ, ప్రోగ్రామర్ శనివారం తెచ్చిస్తా.

అన్నట్టు అంకుల్ నెలాఖరుకి వెళ్లిపోతున్నారు. ఎవరింట్లోనైనా ఆగిపోయిన మిక్సీ, యాంప్లిఫయర్ ఉంటే ఈలోగా పట్టుకెళ్లండి. ఆయనే చెప్పమన్నారు, ఇంట్లో తోచట్లేదట.