నిన్నటి ట్రైలర్ గొడవ గురించి
అబ్బయలూ, నిన్న రాత్రి గ్రూపులో వచ్చినవన్నీ ఆ రెండున్నర నిమిషాల ట్రైలర్ మీదే. సగం మంది పూర్తిగా చూడకుండానే బ్లాక్‌బస్టర్ అనేశారు, నాతో సహా. పొద్దున ట్రంకురోడ్డులో కారందోశ తింటూ మళ్లీ చూశా, ఈసారి సౌండ్ తీసేసి. మ్యూజిక్ పోయాక మిగిలింది నాలుగు స్లోమోషన్ నడకలు, ఒక పేలుడు, బోలెడంత వాన. హీరోయిన్ కనిపించింది లెక్కపెడితే మూడు సెకన్లు! అయినా టికెట్ కొంటాననుకోండి, అది వేరే సంగతి.

ట్రైలర్లో చూపించింది సినిమాలో లేకపోతే కేసేస్తానన్న అన్నా, ఆ పని ఒక టీచరమ్మ ఎప్పుడో చేసింది. 2016లో వచ్చిన ఓ హిందీ సినిమా ట్రైలర్లో పాట చూసి పిల్లల్ని తీసుకెళ్తే, హాల్లో ఆ పాటే లేదు. వినియోగదారుల కమిషన్ 10,000 రూపాయల పరిహారం ఇమ్మంది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ట్రైలర్ ప్రకటనే గానీ, హామీ కాదంట. కాబట్టి లాయర్ ఖర్చు మిగుల్చుకో.

శనివారం సూళ్లూరుపేట పెద్ద తెరకి పోతున్నాం. కారులో రెండు సీట్లు ఖాళీ. ట్రైలర్ చూసి కథంతా చెప్పేసేవాళ్లు మాత్రం బస్సులో రండి.