మీ ఆల్టిమీటర్ హైదరాబాద్‌లో మెయిన్ పారాషూట్ తెరవదు: ఫిర్యాదు

హైదరాబాద్

కస్టమర్ సేవల విభాగం, సాంకేతిక విభాగం బాధ్యులకు,

విషయం: రాకెట్లలో వాడే డ్యూయల్ డిప్లాయ్ ఆల్టిమీటర్ ఫర్మ్‌వేర్‌లో (బోర్డులో ఉండే ప్రోగ్రాంలో) ఎత్తు లెక్క తప్పుగా ఉండటం, అమ్మకం ఆపి, కొన్నవాళ్లందరినీ హెచ్చరించి, మా డబ్బు వాపసు ఇవ్వాలని కోరడం గురించి.

ఆర్యా,

మా రాకెట్ల కోసం మీ సంస్థ నుంచి మేం 3 డ్యూయల్ డిప్లాయ్ ఆల్టిమీటర్లు, అంటే గాలి పీడనాన్ని బట్టి ఎత్తు లెక్కగట్టి పారాషూట్లను రెండు దశల్లో వదిలే బోర్డులు, కొన్నాం. ఒక్కొక్కటి 4,800 చొప్పున మొత్తం 14,400 రూపాయలు. మూడింటిలోనూ ఒకే లోపం ఉంది. అపోజీ (రాకెట్ చేరే అత్యధిక ఎత్తు) దగ్గర డ్రోగ్‌ను (మొదట తెరుచుకునే చిన్న పారాషూట్‌ను) సరిగ్గానే వదులుతున్నాయి. 300 మీటర్ల దగ్గర వదలమని జంపర్ (బోర్డు మీద ఎత్తును ఎంచుకునే చిన్న కనెక్టర్) పెట్టిన మెయిన్ పారాషూట్‌ను, అంటే పెద్దదాన్ని, మాత్రం హైదరాబాద్‌లో ఎప్పటికీ వదలవు. మూడు బోర్డులూ ఒకేలా తప్పుతున్నాయంటే ఇది ఏదో ఒక బోర్డుకు వచ్చిన పాడు కాదు, మీరు అమ్ముతున్న ప్రతి బోర్డులోనూ ఉండే తప్పు.

మా మొదటి ఫిర్యాదుకు "ఇ-మ్యాచ్ వైరింగ్ సరిచూసుకోండి" అని జవాబిచ్చారు. పారాషూట్‌ను బయటికి నెట్టే మందుగుండును కరెంటుతో అంటించే ఆ ఇ-మ్యాచ్ వైరింగ్‌కూ దీనికీ సంబంధం లేదు. కింద రాసిన పరీక్షను మీ బల్ల మీదే అరగంటలో చేసి చూసుకోవచ్చు. మందుగుండు అక్కర్లేదు, ఇ-మ్యాచ్ కూడా అక్కర్లేదు.

వెడల్పు మూతి ఉన్న ఒక లీటరు గాజు సీసా తీసుకోండి. మూతకు రెండు రంధ్రాలు చేసి, ఒకదాంట్లోంచి సన్నటి గొట్టం, రెండోదాంట్లోంచి వైర్లు బయటికి తెచ్చి హాట్ గ్లూతో గాలి చొరకుండా మూసేయండి. గొట్టం చివర మందుల షాపులో దొరికే త్రీ-వే స్టాప్‌కాక్ (మూడు దారుల చిన్న వాల్వ్), దానికి 60 మిల్లీలీటర్ల సిరంజి. డ్రోగ్, మెయిన్ అవుట్‌పుట్‌లకు ఇ-మ్యాచ్ బదులు బైక్ మీటరులో వాడే 12 వోల్టుల చిన్న బల్బులు కట్టండి. చల్లగా ఉన్నప్పుడు ఫిలమెంట్ నిరోధం తక్కువ కాబట్టి కంటిన్యుటీ బీప్ (సర్క్యూట్ తెగలేదని బోర్డు చేసే శబ్దం) మామూలుగానే వస్తుంది. సీసాలో ఆల్టిమీటర్ పక్కనే పీడనం చూపించే వేరే సెన్సార్ ఒకటి ఉండాలి. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న బీఎంపీ 280 మాడ్యూల్ మేం వాడాం. ఈ రెండో కొలత లేకుండా బల్బు ఎప్పుడు వెలిగిందో మాత్రమే తెలుస్తుంది, ఏ పీడనం దగ్గర వెలిగిందో తెలియదు. అసలు విషయమంతా ఆ పీడనంలోనే ఉంది.

పరీక్ష రోజున ఇక్కడ నేల మీద పీడనం 950 హెక్టోపాస్కల్‌లు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కనుక అది ఉండాల్సిన అంకే. సిరంజిని రెండుసార్లు లాగి, మధ్యలో స్టాప్‌కాక్ తిప్పి గాలిని బయటికి వదిలితే సీసాలో పీడనం 850 దాకా దిగింది. అంటే రాకెట్ నేల నుంచి సుమారు 917 మీటర్లు ఎక్కినట్టు. తర్వాత స్టాప్‌కాక్‌ను వెంట్రుకవాసి తెరిచి గాలిని మెల్లగా లోపలికి రానిచ్చాం. 40 సెకన్లలో తిరిగి 950కి చేరేలా చూసుకుంటే సెకనుకు 23 మీటర్ల దిగుదల అవుతుంది, డ్రోగ్ మీద దిగే రాకెట్ వేగం దాదాపు అంతే. ఇక్కడ తొందరపడితే పరీక్ష చెడుతుంది. వాల్వ్‌ను ఒక్కసారిగా తెరిస్తే సెకనుకు వందల మీటర్లు పడిపోయినట్టు కనబడుతుంది, బోర్డు ప్రోగ్రాంలోని ఫిల్టర్ దాన్ని తప్పుడు కొలతగా తోసిపుచ్చవచ్చు, లోపం ఎక్కడుందో తేలదు.

పీడనం పెరగడం మొదలైన వెంటనే డ్రోగ్ బల్బు వెలిగింది. మంచిదే. మెయిన్ బల్బు 916 హెక్టోపాస్కల్‌ల దగ్గర వెలగాలి. హైదరాబాద్ నేల నుంచి 300 మీటర్ల ఎత్తున ఉండే పీడనం అది. వెలగలేదు. 930 దాటినా వెలగలేదు. 950కి, అంటే నేలకు, చేరినా వెలగలేదు.

అక్కడితో ఆపకుండా సిరంజిని లోపలికి నొక్కి సీసాలో పీడనాన్ని నేల పీడనం కన్నా పెంచాం. 30 మిల్లీలీటర్లు నొక్కితే చాలు. మూడు బోర్డుల్లోనూ మెయిన్ బల్బు వెలిగింది: ఒకటి 977 దగ్గర, మిగతా రెండు 978 దగ్గర. ప్రామాణిక వాతావరణంలో సముద్రమట్టానికి 300 మీటర్ల ఎత్తున ఉండే పీడనం సరిగ్గా 978 హెక్టోపాస్కల్‌లు. ఇంక అనుమానానికి తావు లేదు. మీ ఫర్మ్‌వేర్ మెయిన్ ఎత్తును లాంచ్ ప్యాడ్ నుంచి లెక్కించడం లేదు, సముద్రమట్టం దగ్గరి ప్రామాణిక పీడనమైన 1013.25 హెక్టోపాస్కల్‌ను సున్నా ఎత్తుగా పెట్టుకుని సముద్రమట్టం నుంచి లెక్కిస్తోంది. అపోజీని గుర్తించడానికి పీడనం తగ్గడం ఆగి పెరగడం మొదలైందా అన్నది చూస్తే చాలు, సున్నా ఎక్కడుందన్నది అవసరం లేదు. డ్రోగ్ సరిగ్గా వెలగడానికి, లోపం ఇన్నాళ్లూ దాగి ఉండటానికి కారణం అదే. సముద్రం పక్కన ఉన్న ఊళ్లో పరీక్షిస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. హైదరాబాద్‌లో నేల మీద నిలబడ్డ రాకెట్ అప్పటికే 540 మీటర్ల ఎత్తున ఉన్నట్టు దానికి లెక్క. 300 కన్నా కిందికి దిగాలంటే రాకెట్ నేలలోకి 240 మీటర్లు దిగబడాలి. బెంగళూరులో ఈ తేడా ఇంకా ఎక్కువ, ఆ ఊరు 900 మీటర్ల ఎత్తున ఉంది.

తీరప్రాంతం వాళ్లు కూడా నిశ్చింతగా ఉండటానికి లేదు. మే నెలలో సముద్రమట్టం దగ్గర పీడనం 1004 హెక్టోపాస్కల్‌లకు దిగిన రోజున మీ బోర్డు నేల మీదే 75, 80 మీటర్లు చూపిస్తుంది. మెయిన్ 150కి పెడితే అది నిజానికి 70, 75 మీటర్ల దగ్గర తెరుచుకుంటుంది. పారాషూట్ సంచిలోంచి బయటికొచ్చి, తాళ్లు సాగి, గుడ్డ గాలి నింపుకోవడానికి మిగిలేది 3 సెకన్లు. వాయుగుండం పడిన రోజున అదీ మిగలదు.

మెయిన్ తెరుచుకోకపోతే ఏమవుతుందో ఈ వస్తువు తయారు చేసేవారికి చెప్పనక్కర్లేదు. అయినా మీ జవాబులో ఆ ధ్యాస కనబడలేదు కనుక అంకెల్లో రాస్తున్నాం. 4 కిలోల రాకెట్ డ్రోగ్ మీదే సెకనుకు 25 మీటర్లతో నేలకు వస్తే తాకే శక్తి 1,250 జూల్స్. మెయిన్ మీద సెకనుకు 6 మీటర్లతో దిగితే 72 జూల్స్. మొదటిది పదో అంతస్తు మీద నుంచి 4 కిలోల బరువు విడిచినదానితో సమానం. కింద మనుషులుంటారు, పొలాల్లో పశువులుంటాయి. రాకెట్ పోతే మళ్లీ కట్టుకోవచ్చు. మీ బోర్డులు ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు కొంటున్నారు. సీసా పరీక్ష చేయాలని వాళ్లలో చాలామందికి చెప్పేవాళ్లుండరు, ఫ్యాక్టరీ నుంచి వచ్చింది సరిగ్గానే ఉంటుందని నమ్మి పారాషూట్ మడతపెడతారు.

"మెయిన్ జంపర్‌ను 840కి సరిపోయేలా మార్చుకోండి" అని, అంటే 540కి 300 కలిపి పెట్టుకోమని, మీవాళ్లు ఫోన్‌లో ఇచ్చిన సలహా పనికిరాదు. మీ జంపర్‌లో 150, 200, 300, 450 తప్ప మరో అంకె లేదు. ఉన్నా, ఇక్కడ పీడనం ఒక్క హెక్టోపాస్కల్ మారితే లెక్క దాదాపు 9 మీటర్లు జరుగుతుంది. ఉదయానికీ సాయంత్రానికీ, డిసెంబరుకూ మే నెలకూ ఆ అంకె ఒకటి కాదు.

దిద్దడం కష్టమేమీ కాదు. ప్యాడ్ మీద నిలబడ్డంతసేపూ పీడనం సగటు తీస్తూ ఉండి, దాన్నే సున్నాగా తీసుకోవాలి. రాకెట్ లేచిందని గుర్తించగానే ఆ సగటును స్థిరపరచాలి. అయితే సగటులో చివరి రెండు మూడు సెకన్ల కొలతలు చేరకుండా చూడాలి, లేకపోతే రాకెట్ ఎక్కుతున్నప్పటి కొలతలు సున్నాను పైకి లాగేస్తాయి. స్విచ్ వేసిన క్షణంలో ఒక్కసారి సున్నా తీసుకుని వదిలేయడం కూడా తప్పే. ఎండలో అరగంట ప్యాడ్ మీద ఉన్న ఏవ్-బేలో (రాకెట్‌లో ఆల్టిమీటర్ ఉండే గదిలో) వేడి బాగా పెరుగుతుంది, సెన్సార్ కొలత దాంతోపాటు జరుగుతుంది.

సీసా పరీక్ష చేస్తుండగా మరికొన్ని బయటపడ్డాయి. మొదటిదాని అంత పెద్దవి కావు కానీ వీటిలో ఒక్కటి మళ్లీ మెయిన్‌ను ఆపగలదు.

పేలిన తర్వాత ఇ-మ్యాచ్ లోపలి తీగలు ఒక్కోసారి ఒకదానికొకటి అతుక్కుని షార్ట్ అవుతాయి. దాన్ని అనుకరించడానికి డ్రోగ్ అవుట్‌పుట్‌కు 1 ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ కట్టి, మీ మాన్యువల్ చెప్పిన 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీతోనే పరీక్షించాం. ఇ-మ్యాచ్‌కు కరెంటు పంపే మీ ఫైరింగ్ పల్స్ పూర్తిగా 1 సెకను ఉంటోంది. ఆ సెకనులో బ్యాటరీ వోల్టేజి 3 వోల్టుల దగ్గరికి పడిపోయి బోర్డు రీసెట్ అయింది, స్టార్ట్ అప్ బీప్‌లు మొదలుపెట్టింది. గాల్లో ఇది జరిగితే రాకెట్ అపోజీ నుంచి దిగుతుంటే ఆల్టిమీటర్ ఇంకా ప్యాడ్ మీదే ఉన్నాననుకుని లాంచ్ కోసం ఎదురుచూస్తుంది. ఇ-మ్యాచ్ మిల్లీసెకన్లలో అంటుకుంటుంది, ఇంత పొడుగు పల్స్ ఎందుకు? పల్స్ తగ్గించి, ప్రాసెసర్ సరఫరాకు ఒక డయోడ్, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయండి. 10 మిల్లీఆంపియర్లు లాగే బోర్డు 5 వోల్టుల దిగుదలను భరించగలిగితే ఆ కెపాసిటర్ అర సెకను నిలబెడుతుంది.

మాన్యువల్‌లో వెంట్ రంధ్రం (బయటి గాలి పీడనం ఏవ్-బేలోకి చేరే రంధ్రం) గురించి "1 మిల్లీమీటర్ రంధ్రం ఒకటి చాలు" అని రాశారు. అది తప్పు. రాకెట్ కట్టేవాళ్లు ఏళ్లుగా పాటించే లెక్క ప్రకారం 1,640 ఘనసెంటీమీటర్ల బేకు 6.35 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి కావాలి. 75 మిల్లీమీటర్ల వ్యాసం, 200 మిల్లీమీటర్ల పొడవు ఉన్న బే ఘనపరిమాణం సుమారు 884 ఘనసెంటీమీటర్లు. దానికి 4.7 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి కావాలి, లేదా చుట్టూ సమానదూరంలో 2.3 మిల్లీమీటర్ల రంధ్రాలు నాలుగు. నాలుగే మేలు. ఒకటే ఉంటే పక్కగాలి కొట్టినప్పుడల్లా పీడనం ఊగుతుంది. మీరు చెప్పిన రంధ్రం వైశాల్యం కావలసినదానిలో ఇరవయ్యో వంతు కూడా లేదు. అంత సన్నటి రంధ్రంలోంచి గాలి వెళ్లడం ఆలస్యమై బోర్డు అపోజీని ఆలస్యంగా గుర్తిస్తుంది. అప్పటికి రాకెట్ వేగంగా పడుతుంటుంది, డ్రోగ్ తాడు బాడీ ట్యూబ్‌ను పొడవునా చీల్చేస్తుంది. రంధ్రాలు నోస్ కోన్ (రాకెట్ ముక్కు) మొదలుకు కనీసం నాలుగు రాకెట్ వ్యాసాల దిగువన ఉండాలని, అంచులు ఇసుక కాగితంతో నున్నగా చేయాలని, బల్క్‌హెడ్‌లో (బే చివరను మూసే పలకలో) వైర్లు వెళ్లే చోట ఎపాక్సీతో మూసి మందుగుండు వాయువు బేలోకి రాకుండా చూడాలని కూడా మాన్యువల్‌లో ఎక్కడా లేదు. ఆ వాయువు లోపలికి చొరబడితే పీడనం ఒక్కసారి పెరిగి, రాకెట్ కిందికి వచ్చేసిందని బోర్డు భ్రమపడి డ్రోగ్ వెంటే మెయిన్‌నూ వదిలేస్తుంది.

ఇంకొకటి: మీ సెన్సార్ మీద ఏ కప్పూ లేదు. వెంట్ రంధ్రంలోంచి టార్చ్ వేస్తే ఎత్తు కొలత గెంతుతోంది. సెన్సార్ తయారీదారుల పత్రాల్లోనే దాని మీద నేరుగా వెలుతురు పడకూడదని ఉంటుంది. ఒక చిన్న నల్ల ఓపెన్-సెల్ (గాలి ఆడే) ఫోమ్ ముక్క అంటిస్తే సరిపోయేది.

మేం కోరేవి ఇవి. ఈ ఫర్మ్‌వేర్ ఉన్న బోర్డుల అమ్మకం ఈ ఉత్తరం అందిన రోజునే ఆపండి. కొన్న ప్రతి ఒక్కరికీ, అది కాలేజీ అయినా వ్యక్తి అయినా, "మెయిన్ తెరుచుకోకపోవచ్చు, ఎగరేయకండి" అని ఫోన్ చేసి చెప్పండి, ఈమెయిల్ ఒక్కటి పంపి ఊరుకోవద్దు. ఏ ఫర్మ్‌వేర్ వెర్షన్లలో లోపం ఉందో, ఎలా దిద్దారో మాకు రాతపూర్వకంగా తెలపండి. మాన్యువల్‌లో వెంట్ రంధ్రాల పేజీని తిరగరాయండి. మా 14,400 రూపాయలను వెనక్కు పంపే కొరియర్ ఖర్చుతో సహా 15 రోజుల్లో వాపసు ఇవ్వండి. మార్చిన బోర్డులు ఇస్తామంటే తీసుకోవడానికి మాకు అభ్యంతరం లేదు, కానీ పై సీసా పరీక్షలో 916 హెక్టోపాస్కల్‌ల దగ్గర మెయిన్ బల్బు వెలిగాకే.

గడువులోపు జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద హైదరాబాద్ జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాం. మీ కార్యాలయం వేరే ఊళ్లో ఉన్నా, మేం నివసించే చోటే వేసుకునే హక్కు ఆ చట్టం ఇచ్చింది.

మూడు బోర్డుల్లో ఒకటి ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాం. దాని జంపర్ 300 దగ్గరే ఉంది, ఫర్మ్‌వేర్‌ను మేం ముట్టుకోలేదు. మిగతా రెండూ మీ జవాబు వచ్చేదాకా మా దగ్గరే సీల్ వేసి ఉంటాయి.

ఇట్లు,
రాకెట్రీ బృందం సభ్యులు,
తార్నాక, హైదరాబాద్

జతపరిచినవి: ఆల్టిమీటర్ బోర్డు 1, కొనుగోలు బిల్లు నకలు, మూడు బోర్డుల సీసా పరీక్ష పీడన పట్టికలు, 1 ఓమ్ పరీక్ష వీడియో ఉన్న పెన్‌డ్రైవ్.