‘ఎక్సైటెడ్’ అర్థం చెప్పేటప్పుడు తెలుగును పక్కన పెట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ విద్యార్థుల పేజీలో ‘ఎక్సైటెడ్’, ‘ఎక్సైటింగ్’ రెండింటికీ ‘ఉత్సాహభరితమైన’ అని ఒకే అర్థం వేశారు. ఆ పేజీ కత్తిరించి నోట్సులో అంటించుకునే పిల్లలు నా దగ్గరే ఉన్నారు, అందుకే రాస్తున్నాను. గుంటూరు జిల్లా హైస్కూళ్లలో ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లోనే సాయంత్రాలు డిగ్రీ, బీటెక్ పిల్లలను ఇంటర్వ్యూలకు సిద్ధం చేస్తుంటాను.

“ఐ యామ్ వెరీ ఎక్సైటింగ్ టు జాయిన్”, “ఐ యామ్ ఇంట్రెస్టింగ్ ఇన్ దిస్ జాబ్” అనేవాళ్లలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలే ఎక్కువ. నన్ను చూస్తే ఎదుటివాళ్లకు ఉత్సాహం పుడుతుందని చెబుతున్నామని వాళ్లకు తెలియదు పాపం. మనం “మ్యాచ్ టెన్షన్‌గా ఉంది” అంటాం, “నాకు టెన్షన్‌గా ఉంది” అనీ అంటాం. పోటీ ఉత్సాహంగా సాగుతుంది, చూసేవాళ్లూ ఉత్సాహంగానే ఉంటారు. ఒక్క ‘గా’తో రెండు పనులూ అయిపోతుంటే ఇంగ్లిష్‌కి రెండు రూపాలెందుకో పిల్లలకు ఎలా తడుతుంది?

కానీ ఈ తేడా మనకు లేనిదేం కాదు. భయపడిన పిల్లవాడు, భయపెట్టే కుక్క. విసిగిన జనం, విసిగించే ఉపన్యాసం. ఉత్సాహం కలిగిన మనిషి ఎక్సైటెడ్, ఉత్సాహం కలిగించే కబురు ఎక్సైటింగ్.

ఈమధ్య ఒకమ్మాయి ‘ఎక్సైటింగ్ టు జాయిన్’ అనగానే నేను గ్రామర్ జోలికి పోలేదు. “ఆ ఉద్యోగం నీకు ఉత్సాహం కలిగించిందా, నువ్వు దానికి కలిగించావా అమ్మా?” అని అడిగాను. కాసేపు ఆలోచించి, “నాకే కలిగింది మేడమ్” అంది. వెంటనే, “ఐ యామ్ ఎక్సైటెడ్. ద జాబ్ ఈజ్ ఎక్సైటింగ్” అని తనే సరిచేసుకుంది. ఆ తర్వాత బోర్డ్, బోరింగ్, టైర్డ్, టైరింగ్ అన్నీ వరసగా చెప్పుకుంటూ పోయింది. గైడులో ఖాళీలు పూరించిన ఏళ్లన్నిటిలో రానిది ఒక్క తెలుగు ప్రశ్నతో వచ్చింది. ఇంగ్లిష్ క్లాసులో తెలుగు వినపడితే పిల్లలను చిన్నబుచ్చే బడులు ఇప్పటికీ ఉన్నాయి. అది చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఇంకో సంగతి. ఎక్సైటెడ్ అంటే ప్రతిసారీ సంబరం కాదు. “డోంట్ గెట్ ఎక్సైటెడ్” అంటే ఆవేశపడొద్దు, కంగారుపడొద్దు అని. ఇంటర్ పిల్లలు సైన్సులో చదివే ఉత్తేజిత స్థితి కూడా ఎక్సైటెడ్ స్టేటే. బయటినుంచి శక్తి అందుకుని ఎలక్ట్రాన్ పై స్థాయికి వెళ్తుంది. ప్రేరణ అందుకున్నది కాబట్టే అక్కడా ‘ఎడ్’ వచ్చింది. సైన్సు టీచరు, ఇంగ్లిష్ టీచరు ఈ మాట ఒకరికొకరు చెప్పుకుంటే ఎంత బాగుంటుంది!

మాట మనిషిని బట్టి కూడా మారుతుంది. ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తినప్పుడు ఆ నీళ్లు చూడటానికి వచ్చినవాళ్లకు అది ఎక్సైటింగ్. కృష్ణలంకలో ఏటి ఒడ్డున కాపురం ఉండేవాళ్లకు అదే దృశ్యం ఫ్రైటెనింగ్. ఇలాంటి మన ఊరి ఉదాహరణ ఒక్కటి ఇస్తే పిల్లలు మరిచిపోరు.

అందుకని మీకు నా విన్నపం. ఇలాంటి జంట మాటలు వేసినప్పుడు ఒకటే అర్థం ఇవ్వకండి. ‘కలిగిన’, ‘కలిగించే’ అని విడివిడిగా రాసి, మనిషి గురించి ఒక వాక్యం, విషయం గురించి ఒక వాక్యం వేయండి. ఎక్సైటెడ్ తర్వాత నామవాచకం వస్తే ‘అబౌట్’, క్రియ వస్తే ‘టు’ అని ఒక్క ముక్క కలపండి. వచ్చే వారం ‘ఇంట్రెస్టెడ్’, ‘ఇంట్రెస్టింగ్’ వేస్తే ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లలకు వెంటనే పనికొస్తుంది.

— ఒక విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయిని,
సత్యనారాయణపురం, విజయవాడ