చెవి కారడం ఆగిందంటే తగ్గినట్టు కాదు

పరకాల,
ఆదివారం రాత్రి

బిడ్డా,

పొద్దున ఫోన్‌లో నువ్వన్న మాట దినమంతా నన్ను వదల్లేదు. చిన్నోడి చెవి నెల రోజుల నుంచి కారుతున్నదని, మీ అత్తమ్మ ఎల్లిగడ్డ వేసి కాచిన నూనె రెండు చుక్కలు పోస్తున్నదని చెప్పావు. ఆమెను తప్పు పట్టను. నీ చెవిలో అదే నూనె నేనే నా చేతులతో పోశాను. ఇదంతా ఫోన్‌లో చెబుదామంటే గొంతు పట్టుకుంటుంది, అందుకే రాస్తున్నా. మీ అత్తమ్మకు కూడా చదివి వినిపించు.

నీ ఎడమ చెవి ఐదేళ్లప్పటి నుంచే కారేది. వానాకాలం కారేది, ఎండాకాలం ఆరిపోయేది, మేమూ మరిచిపోయేవాళ్లం. చూపించిన చోట చుక్కల మందు రాసి, పెద్దయితే అదే పోతుందన్నారు. నమ్మాం. 2009లో, నీకు తొమ్మిదేళ్లు, ఆగస్టు చివర చీము దానంతటదే ఆగిపోయింది. మీ అమ్మ సంతోషంతో పోచమ్మకు కొబ్బరికాయ కొట్టింది. వారం తిరగకముందే తలనొప్పి అన్నావు. పొద్దున లేవగానే వాంతులు. బడి ఎగ్గొట్టడానికేనని ఒకరోజు నిన్ను కోప్పడ్డాను. ఆ మాట నాకు ఇప్పటికీ మంటే. నాలుగో రోజు కుడి చెయ్యి కొట్టుకుంటూ ఫిట్స్ వచ్చాయి.

స్కాన్ ఫిల్ము ఇంకా బీరువాలోనే ఉంది. రంగు మందు ఎక్కించి తీసింది. నల్లటి గుండ్రని మచ్చ, చుట్టూ ఉంగరంలాగా తెల్లటి గీత. మెదడులో చీముగడ్డ అన్నారు. చెవికీ మెదడుకూ మధ్య ఎముక చాలా పలచనట. చెవి లోపల చర్మం పొరలు పొరలుగా పేరుకుపోయి ఆ ఎముకను కొరుక్కుతిన్నది. చీము ఆగిపోలేదు బిడ్డా, పైకి దారి పట్టింది. వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేస్తారేమో అని అడిగాను. తలలో ఒత్తిడి ఇంత ఉన్నప్పుడు కింద నీరు తీస్తే మెదడు కిందికి జారి ప్రాణం మీదికి వస్తుందని, అది చేయలేదు.

గడ్డ చిన్నగా ఉంటే, తొందరగా పట్టుకుంటే మందులతోనే కరగొచ్చు. నీది మూడు సెంటీమీటర్లు దాటింది. జడ వేసుకుంటే నీ వేలికి తగిలే ఆ గుంట అప్పటిదే. పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి, సూదితో చీము లాగి, ఏ క్రిమో తెలుసుకోవడానికి ల్యాబుకు పంపారు. తర్వాత ఆరు వారాలు నరం ద్వారా ఇంజక్షన్లు, సెఫ్ట్రియాక్సోన్, మెట్రోనిడజోల్. జ్వరం మూడో రోజే తగ్గింది. ఇంటికి పంపండని నేను బతిమాలాను. ఇప్పుడు ఆపితే గడ్డ మళ్లీ నిండుతుందని పంపలేదు. స్కాన్‌లో తగ్గుతుంటేనే నమ్మేవారు. చివరికి చెవి వెనక ఎముక తొలిచి ఆ కుళ్లంతా తీసేశారు. అది తీయకుంటే మిగతాదంతా వృథా అన్నారు.

నీకు గుర్తుందో లేదో, ఆ రోజుల్లో నీకు వస్తువుల పేర్లు దొరికేవి కావు. మాటలకు సంబంధించిన భాగం దగ్గరే గడ్డ. సద్దుల బతుకమ్మ నాడు మీ అమ్మ దవాఖానకు ఒక తంగేడు కొమ్మ తెచ్చింది. నువ్వు చూసి నవ్వి, 'పసుపుది, పసుపుది' అన్నావు. పేరు రాలేదు. మీ అమ్మ వరండాలోకి పోయి ఏడ్చింది. పది రోజుల తర్వాత ఎండిపోయిన ఆ కొమ్మ చూపించి 'తంగేడు' అని నువ్వే అన్నావు.

పక్క మంచం పిల్లవాడికి చెవి బాగానే ఉంది, గుండెలో పుట్టు లోపం. పెదవులు నీలంగా ఉండేవి. ఊపిరితిత్తుల్లో వడకట్టాల్సిన రక్తం కొంత నేరుగా తలకు పోతుంది కాబట్టి అలాంటి పిల్లలకు ఈ గడ్డ రావచ్చని అక్కడే తెలిసింది.

చిన్నోడికి ఇదే వచ్చిందని నేను అనడం లేదు. కారే చెవుల్లో చాలా కొద్దిమందికే ఇంత దాకా పోతుంది. టెన్షన్ పడకు. కానీ నూనె ఈ రాత్రి నుంచే ఆపు. పుల్ల, పిన్ను పెట్టొద్దు, స్నానంలో నీళ్లు పోనీయకు, బయటికి వచ్చిన చీము శుభ్రమైన మెత్తటి గుడ్డతో తుడువు. తలనొప్పి, వాంతులు, జ్వరంతో మగతగా పడుకోవడం, తూలడం, ఫిట్స్, వీటిలో ఏది కనబడినా రాత్రా పగలా అని చూడకుండా బయలుదేరు. చీము ఉన్నట్టుండి ఆగి తలనొప్పి మొదలైతే అసలు ఆగొద్దు.

రేపు పొద్దున నర్సంపేటలో మొదటి బస్సు ఎక్కు. ఎనిమిదికల్లా వరంగల్ ఎంజీఎం దవాఖాన గేటు దగ్గర ఉంటా. చెవి ముక్కు గొంతు ఓపీలో చూపిద్దాం, చెవి లోపల పొర ఎలా ఉందో చూడమని అడుగుదాం. నీ పాత ఫైలు, ఆ ఫిల్ము సంచిలో పెట్టాను. చిన్నోడికి తల మీద టోపీ పెట్టు, పొద్దున చలిగా ఉంటున్నది.

మీ బాపు